గార్స్‌డేల్ స్టేషను కథ

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవాలేమైనా రాసి పంపమని కార్యదర్శి గారు కబురు చేశారు. అనుభవాలంటే మనందరివీ ఇంచుమించు ఒకటే. నైటు డ్యూటీలు, రిలీవరు రాని రోజులు, పండగనాడు ఇంట్లో లేకపోవటం. ఇవి చదివి మన పిల్లలకు విసుగొచ్చేసింది. అందుకని ఈసారి మనది కాని ఒక స్టేషను గురించి రాస్తున్నాను. మనది కాదన్న మాటేగాని, అక్కడ జరిగినదాంట్లో మన డ్యూటీకి సంబంధించిన సంగతులు చాలానే ఉన్నాయి.

ట్రైనింగు స్కూల్లో బ్లాక్ వర్కింగ్ పాఠం చెప్పిన ఇన్‌స్ట్రక్టరు గారు "హాస్ జంక్షన్ ప్రమాదం" అని ఒకటి చెప్పేవారు. ఇంగ్లండులో ఒక సిగ్నల్‌మన్ రెండు ఇంజన్లను మరచిపోయాడు, పన్నెండు మంది చనిపోయారు అని. పరీక్ష కోసం రాసుకున్నాం, తర్వాత వదిలేశాం. నేను మాత్రం దాన్ని పూర్తిగా వదలలేకపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను. 2018లో లీడ్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, లండను చూపిస్తానన్న అల్లుడితో "లండను తర్వాత చూద్దాం బాబూ, ముందు నాకు ఒక చిన్న స్టేషను చూపించు" అన్నాను. ఆ హాస్ జంక్షన్‌నే ఇప్పుడు గార్స్‌డేల్ అంటారు.

లీడ్స్ నుంచి కార్లైల్ వెళ్ళే బండిలో సుమారు గంటా ముప్పావు ప్రయాణం. సెటిల్ ఊరు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. నూటికి ఒకటి చొప్పున మైళ్ళ తరబడి ఎక్కుతూనే ఉంటుంది. అక్కడి డ్రైవర్లు దీన్ని "లాంగ్ డ్రాగ్" అనేవారట, అంటే పెద్ద లాగుడు అని. అన్నిటికంటే ఎత్తయిన చోటు ఎయ్స్ గిల్, 1,169 అడుగులు. ఎత్తు మాటకొస్తే మన కొత్తవలస-కిరండోల్ లైను ముందు ఇది దిగదుడుపే. కాని ఆ గాలి, ఆ మంచు, ఆ వాన మనకు లేవు. మేము దిగింది వేసవి నెలలో. అయినా మా మనవడి టోపీ ఎగిరిపోయింది.

దిగినవాళ్ళం మేము నలుగురమే. రెండు ప్లాట్‌ఫారాలు, రాతి కట్టడపు వెయిటింగు రూములు, ప్లాట్‌ఫారం మీదనే కొయ్య సిగ్నల్ క్యాబిన్, దిగువన రైల్వే వాళ్ళ కోసం కట్టిన ఇళ్ళ వరుస. ఊరు లేదు. గార్స్‌డేల్ అనే పల్లె అక్కడికి మూడు మైళ్ళు. చుట్టూ కొండలు, గొర్రెలు. స్టాఫ్ ఒక్కరూ లేరు. ఊరులేని చోట స్టేషను ఎందుకు కట్టారని మా అమ్మాయి అడిగింది. సరైన ప్రశ్నే.

దీనికి సమాధానం ఆ ఊళ్ళలో లేదు, రెండు కంపెనీల పట్టుదలలో ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో రైళ్ళన్నీ ప్రైవేటు కంపెనీలవి. మిడ్‌లాండ్ రైల్వే వారికి స్కాట్లండు దాకా సొంత దారి లేదు. ఇంగిల్టన్ అనే చోట నుంచి తమ ప్రయాణీకులను లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీ లైను మీద పంపాల్సి వచ్చేది. ఆ రెండో కంపెనీవారు పోటీదారుల ప్రయాణీకులకు మర్యాద ఎందుకు చేస్తారు? పెట్టెలను నత్తనడక బండ్లకు తగిలించేవారు, కనెక్షను కలవనిచ్చేవారు కాదు. విసిగిపోయిన మిడ్‌లాండ్ వారు సొంత లైను వేసుకుంటామని 1866లో పార్లమెంటు అనుమతి తెచ్చుకున్నారు. ఈలోగా డబ్బుకు కటకట వచ్చింది, రెండు కంపెనీలకూ రాజీ కుదిరింది. ఇక లైను వద్దు, రద్దు చేయండి అని 1869లో అదే పార్లమెంటుకు వెళ్ళారు. పార్లమెంటు ఒప్పుకోలేదు. అడిగి తెచ్చుకున్నారు, కట్టి తీరాలన్నది. అలా ఇష్టంలేని పెళ్ళిలా పుట్టింది ఈ సెటిల్-కార్లైల్ లైను.

72 మైళ్ళ లైనుకు 14 సొరంగాలు, ఇరవైకి పైగా పెద్ద వంతెనలు. రిబుల్‌హెడ్ దగ్గర ఉన్న వంతెనకు 24 కమానులు, ఎత్తు 104 అడుగులు. పని ముమ్మరంగా ఉన్నప్పుడు ఆరు వేల మందికి పైగా కూలీలు గుడిసెలు వేసుకుని కొండల మీదే బతికారు. మశూచి వచ్చింది. ప్రమాదాలు జరిగాయి. ఒక్క చాపెల్-లె-డేల్ చర్చి ఆవరణలోనే ఆడ, మగ, పిల్లలు కలిపి సుమారు 200 మందిని పాతిపెట్టారు. 1875 ఆగస్టులో గూడ్సు బండ్లు, 1876 మే 1న ప్రయాణీకుల బండ్లు మొదలయ్యాయి. మన స్టేషను అదే సంవత్సరం ఆగస్టు 1న తెరిచారు. పేరు హాస్ జంక్షన్. హాస్ అనే చిన్న టౌను అక్కడికి ఆరు మైళ్ళు. దానికి 1878లో బ్రాంచి లైను వేశారు. 1900లో "హాస్ జంక్షన్ అండ్ గార్స్‌డేల్" అనీ, 1932లో ఉట్టి గార్స్‌డేల్ అనీ పేరు మార్చారు.

ఊరు లేకపోయినా స్టేషనే ఒక ఊరయింది. స్టేషను మాస్టరు, సిగ్నల్‌మన్లు, పోర్టర్లు, గ్యాంగువాళ్ళు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు. వెయిటింగు రూములో చర్చి ప్రార్థనలు జరిగేవి. ఆడవాళ్ళ వెయిటింగు రూములో లైబ్రరీ ఉండేది. ఇంజన్లకు నీళ్ళు పట్టే పెద్ద ట్యాంకు కింద రాతి గది ఒకటి ఉండేది. చుట్టుపక్కల కొండల్లోని రైతులు కూడా వచ్చి అందులో పేకాట పోటీలు, డాన్సులు పెట్టుకునేవారు. మన చిన్న స్టేషన్లలోనూ పోర్టరు ఇంటి ముందు రామభజన జరగటం, మాస్టరు గారి రేడియో చుట్టూ జనం మూగటం చూసినవాళ్ళమే గదా.

స్టీము రోజుల్లో హాస్ జంక్షన్‌కు ఇంకొక పని ఉండేది. మిడ్‌లాండ్ కంపెనీవారు చిన్న ఇంజన్లనే వాడేవారు. పెద్ద ఇంజను కట్టేబదులు, బరువు బండికి రెండో ఇంజను తగిలించటం వాళ్ళ పద్ధతి. ఎక్కుడు అయిపోయాక ఆ రెండో ఇంజనును విప్పేసి, ఇక్కడి టర్న్‌టేబుల్ మీద తిప్పి వెనక్కి పంపేవారు. ఒకసారి టర్న్‌టేబుల్ మీదున్న ఇంజనుకు గాలి తగిలి, అది గిరగిర తిరుగుతూ గంటల తరబడి ఆగలేదనీ, చివరకు గోతిలో ఇసుక పోసి ఆపారనీ అక్కడ కథగా చెబుతారు. కథలో ఎంత నిజమో గాని, టర్న్‌టేబుల్ చుట్టూ పాత స్లీపర్లు నిలువునా పాతి గాలికి అడ్డంగా గోడలా కట్టిన మాట వాస్తవం. ఆ టర్న్‌టేబుల్ ఇప్పుడు అక్కడ లేదు. కీత్‌లీలో పాత రైళ్ళు నడిపే సంస్థవారు కొనుక్కుపోయారు.

ఇలా విప్పేసిన ఒంటరి ఇంజన్లను మనం లైట్ ఇంజన్లు అంటాం. సిగ్నల్‌మన్‌కు తలనొప్పి తెచ్చేవి ఇవే. బండికైతే టైమ్‌టేబుల్ ఉంటుంది, పొడుగు ఉంటుంది. లైట్ ఇంజను చీకట్లో సిగ్నలు కింద నల్లగా నిలబడి ఉంటే కంటికి ఆనదు.

1910 డిసెంబరు 24 తెల్లవారుజాము. క్రిస్మస్ ముందురోజు గనుక రద్దీ ఎక్కువ. గాలీ వానా. సిగ్నల్‌మన్ ఆల్ఫ్రెడ్ సటన్ రాత్రి 8 గంటలకు డ్యూటీ ఎక్కాడు, ఉదయం 6కు దిగాలి. ఆ చివరి గంటల్లో అరడజనుకు పైగా లైట్ ఇంజన్లు ఆయన చేతికి వచ్చాయి. కొన్ని దక్షిణానికి వెళ్ళాలి, రెండు మాత్రం జతగా కార్లైల్ వెళ్ళాలి. ఆ రెండింటిని డౌన్ మెయిన్ లైను మీదకు తెచ్చి, అడ్వాన్స్‌డ్ స్టార్టరు దగ్గర నిలబెట్టాడు. ముందున్న బండి సెక్షను ఖాళీ చేయగానే పంపుదామని. ఈలోగా మిగతా ఇంజన్ల పని, గూడ్సుల పని మీదపడింది. ఆ రెండు ఇంజన్లు మనసులోంచి జారిపోయాయి.

సుమారు ఇరవై నిమిషాలు గడిచాయి. లండను సెయింట్ పాంక్రస్‌లో అర్ధరాత్రి బయలుదేరిన గ్లాస్గో ఎక్స్‌ప్రెస్‌కు వెనక స్టేషను లైన్ క్లియర్ అడిగింది. సటన్ ఇచ్చాడు. ముందు క్యాబిన్ ఎయ్స్ గిల్‌ను అడిగాడు. వాళ్ళూ ఇచ్చారు. వాళ్ళ లెక్కలో సెక్షను ఖాళీయే గదా. అన్ని సిగ్నళ్ళూ ఆఫ్ ఇచ్చాడు. స్టార్టరు దగ్గర కాచుకుని ఉన్న ఇంజను డ్రైవర్లు ఆ సిగ్నలు తమకే అనుకున్నారు. ఈలవేసి బయలుదేరారు. నెమ్మదిగా పోతున్న వాళ్ళ వెనక, అదే లైను మీద, అదే సిగ్నళ్ళ మీద రెండు ఇంజన్ల ఎక్స్‌ప్రెస్ గంటకు సుమారు 60 మైళ్ళ వేగంతో వచ్చింది. మూర్‌కాక్ సొరంగం దాటాక అందుకుంది. పెట్టెలు ఒకదానిలోకి ఒకటి దూరాయి. ఆ పెట్టెల్లో దీపాలు గ్యాసువి. గ్యాసు అంటుకుంది. పన్నెండు మంది పోయారు.

క్యాబిన్లో రిలీవరు వచ్చేశాడు. ఎక్స్‌ప్రెస్ దాటినట్టు ముందు క్యాబిన్ నుంచి బెల్లు రావటం లేదు. ఉత్తరాన ఆకాశం ఎర్రగా కనిపించింది. అప్పుడు సటన్‌కు ఆ రెండు ఇంజన్లు గుర్తుకొచ్చాయి. స్టేషను మాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, స్కాచ్ ఎక్స్‌ప్రెస్‌ను నేను నాశనం చేశానని చెప్పమని రిలీవరును పంపాడు. ఎవరి మీదికీ నెట్టలేదు. ఎంక్వయిరీలోనూ తన తప్పు దాచలేదు.

ఇప్పుడు నా సంగతి. నేను అసిస్టెంట్ స్టేషను మాస్టరుగా చేసిన ఒక చిన్న స్టేషనులో, పేరు వద్దు, ఒక వానరాత్రి మెయిన్ లైను మీద లైట్ ఇంజనును నిలబెట్టాను. ఫోను మీద ఫోను. ఒక గూడ్సు ఫెయిలయింది, కంట్రోలు అరుస్తోంది. వెనక పాసింజరు వస్తోంది. "మెయిన్ లైను సిగ్నలు ఇవ్వు" అన్నాను. పాయింట్స్‌మన్ లీవరు మీద చెయ్యి వేయలేదు. నా వంక చూసి, "మాస్టరు గారూ, మెయిన్లో ఇంజనుంది గదండీ" అన్నాడు. అంతే. పాసింజరును లూపులోకి తీసుకున్నాం. ఆ మాట ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. అతను ఎవరితోనూ అనలేదు, నేనూ ఎవరితోనూ అనలేదు. అతను పోయి చాలా ఏళ్ళయింది. మా ఇంట్లో వాళ్ళకు కూడా ఈ సంగతి ఇది చదివితేనే తెలుస్తుంది. ఆ రాత్రి తర్వాత లీవరుకు కాలరు తగిలించకుండా నేను ఏ ఇంజనునూ నిలబెట్టలేదు. కాలరు అంటే ఏమిటని పిల్లలు అడుగుతారు. లైను మీద బండి ఉన్నదని గుర్తుగా లీవరుకు తొడిగే ఇనుప తొడుగు. అది తీస్తేగాని లీవరు లాగటం కుదరదు.

సటన్ వెనక ఆ మాట అనేవాడు లేడు. అనాల్సినవాళ్ళు మాత్రం ఉన్నారు. అక్కడి రూలు 55 ప్రకారం, సిగ్నలు దగ్గర కొన్ని నిమిషాలు ఆగిపోతే డ్రైవరు తన ఫైర్‌మన్‌ను క్యాబిన్‌కు పంపాలి. "మేమిక్కడ ఉన్నాం" అని సిగ్నల్‌మన్‌కు గుర్తు చేసి, రిజిస్టరులో సంతకం చేయాలి. ఇటువంటి రూలు మనకూ ఉంది. ఆ ఇద్దరు డ్రైవర్లలో ఎవరూ పంపలేదు. వానలో ఎవరు నడుస్తారు, ఇప్పుడో ఇంకాసేపటికో సిగ్నలు పడుతుంది గదా అనుకుని ఉంటారు. రన్నింగ్ స్టాఫ్ సోదరులు కోపగించుకోకండి, నేను మన వాళ్ళనీ చూశాను.

ఎంక్వయిరీ చేసిన మేజర్ ప్రింగిల్ మనిషి తప్పును చూసి అక్కడితో ఆగలేదు. ఇటువంటి చోట ట్రాక్ సర్క్యూట్ ఉండాలన్నాడు. పట్టాల్లో సన్నగా కరెంటు పారుతూ ఉంటుంది. వాటి మీద చక్రం నిలబడితే కరెంటు అవతలికి చేరదు, వెనక సిగ్నలు లాక్ అయిపోతుంది. సిగ్నల్‌మన్ మరచిపోయినా పట్టా మరచిపోదు. మిడ్‌లాండ్ కంపెనీ ఆ తర్వాత పెద్ద ఎత్తున ట్రాక్ సర్క్యూట్లు పెట్టింది. గ్యాసు దీపాలు తీసేసి కరెంటు దీపాలు పెట్టాలని కూడా ప్రింగిల్ చెప్పాడు, అది మాత్రం నత్తనడకన సాగింది. 1913 సెప్టెంబరు 2న అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఎయ్స్ గిల్ దగ్గర మరొక ప్రమాదం. మళ్ళీ మంటలే. పదహారు మంది పోయారు. అసలు చిన్న ఇంజన్ల పద్ధతే లేకపోతే ఆ క్రిస్మస్ రాత్రి అన్ని లైట్ ఇంజన్లు ఒక్కడి చేతికి వచ్చేవా అని నా సందేహం. కంపెనీ పొదుపు ఖరీదు సిగ్నల్‌మన్ కట్టాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1948లో రైళ్ళన్నీ ప్రభుత్వపరం అయ్యాయి. బస్సులు, కార్లు వచ్చాయి. హాస్ నుంచి తూర్పు వైపు లైనులో ప్రయాణీకుల బండ్లు 1954లో ఆపేశారు. హాస్‌కూ గార్స్‌డేల్‌కూ మధ్య రోజుకు ఒక్క బండి మిగిలింది. అదీ 1959 మార్చిలో పోయింది. 1963లో బీచింగ్ అనే పెద్దమనిషి లాభంలేని లైన్లన్నీ మూసేయమని రిపోర్టు ఇచ్చాడు. ఈ లైను అప్పటికి బతికి బయటపడిందిగాని, 1970 మే 4న సెటిల్, ఆపిల్‌బీ తప్ప చిన్న స్టేషన్లన్నీ మూశారు. గార్స్‌డేల్‌లో బండి ఆగటం మానేసింది. ఊరే లేనిచోట స్టేషను పోతే ఏం మిగులుతుంది? ఇళ్ళు మిగిలాయి.

1975 నుంచి కొండల్లో నడకకు వచ్చేవాళ్ళ కోసం నేషనల్ పార్కు వారు కొన్ని సెలవు రోజుల్లో స్పెషల్ బండ్లు వేయించారు. అవి గార్స్‌డేల్‌లో ఆగేవి. అయితే మామూలు బండ్లు తగ్గిస్తూ పోయారు. 1982 నాటికి రోజుకు రెండే. జనం ఎక్కడం లేదని బండి తీసేయటం, బండి లేదు గనుక జనం ఎక్కడం లేదనటం, ఈ లెక్క మనకు కొత్త కాదు. 1983 చివర మొత్తం లైను మూసేస్తామని నోటీసు ఇచ్చారు. రిబుల్‌హెడ్ వంతెన పాడయింది, బాగుచేయటానికి అరవై లక్షల పౌండ్ల దాకా కావాలన్నారు.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. లైను మూసే ఏర్పాట్లు చూడటానికి రాన్ కాటన్ అనే మేనేజరును వేశారు. ఆయన, మూసేదాకా నడపాల్సిందే గదా, నడిపినన్నాళ్ళు సరిగ్గా నడుపుదాం అనే ధోరణిలో పనిచేశాడు. చౌక టిక్కెట్లు పెట్టాడు, బండ్లు పెంచాడు, 1986 జూలై 14న గార్స్‌డేల్‌తో సహా ఎనిమిది చిన్న స్టేషన్లు మళ్ళీ తెరిపించాడు. 1983లో 93 వేలు ఉన్న ప్రయాణీకులు 1989 నాటికి నాలుగున్నర లక్షలయ్యారు. మూయటానికి పంపిన ఉద్యోగి చేతుల మీదుగానే లైను లేచి నిలబడింది. ఆయనకు నా నమస్కారం.

బయట జనం కూడా ఊరుకోలేదు. 1981లోనే ఈ లైను మిత్రుల సంఘం ఒకటి ఏర్పడింది. దాన్ని పెట్టినవాళ్ళలో గ్రాహం నట్టల్ ఒకరు. మూసివేతకు వ్యతిరేకంగా ఇరవై వేల పైచిలుకు అభ్యంతరాలు వెళ్ళాయి. అందులో ఒకటి నట్టల్ గారి కుక్క రస్సప్‌ది. టిక్కెట్టు కొని ప్రయాణం చేసే కుక్క గనుక అదీ ప్రయాణీకుడే, దానికీ అభ్యంతరం చెప్పే హక్కు ఉందని, దాని పంజా ముద్ర వేయించారు. 1989 ఏప్రిల్ 11న రవాణా శాఖ సహాయమంత్రిగా ఉన్న మైకేల్ పోర్టిల్లో, లైను మూయటం లేదని ప్రకటించాడు. వంతెన తీరా బాగుచేసేసరికి, చెప్పినదానికంటే చాలా తక్కువే అయింది.

"తాతయ్యా, ఇక్కడ కుక్క బొమ్మ ఎందుకుంది?" అని మా మనవడు అడిగింది దీని గురించే. ప్లాట్‌ఫారం మీద కంచు బొమ్మ. 1990 జనవరి 20న నట్టల్, రస్సప్ వేల్సు కొండల్లో నడవటానికి వెళ్ళారు. సాయంత్రానికి తిరిగి రాలేదు. వెతికారు, దొరకలేదు. ఏప్రిల్ 7న ఒక కొండవాగు పక్కన నట్టల్ శవం కనిపించింది. పక్కనే రస్సప్. పద్నాలుగేళ్ళ ముసలికుక్క చలికాలమంతా, పదకొండు వారాలు, అక్కడి నుంచి కదల్లేదు. నడవలేని దాన్ని చేతులతో మోసుకొచ్చారు. యజమాని అంత్యక్రియలు చూసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే అదీ పోయింది. లైను దక్కి ఇరవై ఏళ్ళయిన రోజున, 2009 ఏప్రిల్ 11న, ఈ బొమ్మ పెట్టారు. నట్టల్ పేరున వేసిన బెంచీ ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఉంది. కుక్క దాని వైపే చూస్తూ ఉంటుంది.

2016 ఫిబ్రవరిలో కార్లైల్ దగ్గర కొండచరియ జారి లైను ఆ వైపు తెగిపోయింది. ఈసారి మూసే మాట ఎవరూ ఎత్తలేదు. సుమారు 2 కోట్ల 30 లక్షల పౌండ్లు ఖర్చుపెట్టి 2017 మార్చి 31న మళ్ళీ తెరిచారు.

నేను క్యాబిన్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. 1910లో కట్టిన ఆ క్యాబినే, సటన్ పనిచేసినదే. లోపలికి వెళ్ళే వీలు లేదు. మెట్ల కింద నుంచి అద్దాలు కనిపించాయి. ఉత్తరం వైపు చూస్తే లైను కొండ మలుపు తిరిగిపోతుంది, సొరంగం కనబడదు. మా వాళ్ళు ఎదుటి ప్లాట్‌ఫారం మీద బెంచీ దగ్గర ఇడ్లీలు, పచ్చడి విప్పుకుని నన్ను కేకేశారు. తిరుగు బండి నాలుగు నిమిషాలు లేటుగా వచ్చింది. గార్డు మమ్మల్ని చూసి, ఇంకెవరైనా ఎక్కాలా అన్నట్టు ప్లాట్‌ఫారం పొడుగునా ఒకసారి చూసి, ఆ తర్వాతే బెల్లు కొట్టాడు.